గాలం వేసేవారి తిప్పలు: ఏది ఎక్కడ చెడింది, ఎలా సరిచేయాలి

చేప పడని రోజు ముందు చెరువును తిట్టుకుంటాం. తర్వాత ఎండను, గాలిని, పక్కన కూర్చున్నవాళ్ల మాటలను. ఇన్నేళ్లుగా గట్ల మీద కూర్చుని నేను గమనించింది ఒకటే. లోపం చాలాసార్లు మన చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. రీల్ దగ్గర మొదలై గాలం దగ్గర ముగిసే తంగూసులో, అందులోనూ చివరి మీటరులో ఉంటుంది. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు తంగూసు చూడండి, తర్వాత ఎర, ఆ తర్వాతే నీళ్లు.

దానికంటే ముందు ఇంకో మాట. మన చెరువుల్లో చాలావాటిపై చేపల హక్కు స్థానిక మత్స్యకారుల సహకార సంఘాలది. పిల్ల చేపలు వదిలి, కాపలా కాసి పెంచుకునేది వాళ్లు. అడిగి, ఒప్పుకుంటేనే గాలం వేయండి. మంజీరా అభయారణ్యం లాంటి రక్షిత ప్రాంతాల్లో అసలు దిగొద్దు, అక్కడ మొసళ్లు కూడా ఉన్నాయి.

విసిరిన ప్రతిసారీ తంగూసు కాకిగూడులా చిక్కుపడుతోంది

స్పిన్నింగ్ రీల్ కొన్న కొత్తలో దాదాపు అందరూ దీనితోనే విసిగిపోతారు. నా మొదటి రీల్‌కు దుకాణంలోనే తంగూసు చుట్టించుకున్నాను. రీల్‌లో తంగూసు చుట్టుకునే భాగమైన స్పూల్ అంచు దాకా నిండుగా చుట్టి ఇచ్చారు. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకున్నాను. సింగూరు గట్టు మీద ఆ పూటంతా చిక్కులు కోసుకోవడంతోనే సరిపోయింది.

స్పూల్ అంచుకు 2 లేదా 3 మిల్లీమీటర్ల కిందికే తంగూసు ఉండాలి. అంతకన్నా నిండితే విసిరినప్పుడు ఒకేసారి నాలుగైదు చుట్లు జారి కలిసిపోతాయి. మరీ తక్కువైతే అంచుకు రాసుకుని దూరం పోదు. అది సరిగ్గానే ఉండి ఇంకా చిక్కుపడుతుంటే తంగూసులో మెలిక ఉందని అర్థం. రాడ్ కొన నుంచి ఒక మీటరు వదులుగా వేలాడదీసి చూడండి. తనంతట తాను పురి తిరిగి ముడుచుకుంటే అనుమానం అక్కర్లేదు.

మెలిక నాలుగు దారుల్లో వస్తుంది. మొదటిది, కొత్త తంగూసు ఎక్కించేటప్పుడే తప్పు దిశలో చుట్టడం. పది చుట్లు వేశాక ఆగి, దారాన్ని కాస్త వదులు చేయండి. మెలికలు కనిపిస్తే కింద పెట్టిన కొత్త తంగూసు చక్రాన్ని బోర్లించి చుట్టండి. రెండోది, తంగూసును స్పూల్ మీదికి చేర్చే బెయిల్ తీగను విసిరాక హ్యాండిల్ తిప్పి మూయడం. చేత్తో మూసి, తంగూసును ఒకసారి బిగువుగా లాగి, అప్పుడు చుట్టడం మొదలుపెట్టండి. ఈ ఒక్క అలవాటుతో సగం చిక్కులు పోతాయి. మూడోది, చేప తంగూసు లాక్కుపోతుంటే టెన్షన్‌తో హ్యాండిల్ తిప్పుతూనే ఉండటం. డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే తంగూసును వదిలే బిగింపు, జారుతున్నప్పుడు తిప్పే ప్రతి తిప్పూ ఒక మెలికే. అది లాగితే వదలండి. అది ఆగినప్పుడు రాడ్‌ను పైకి ఎత్తండి, కిందికి దించుతూ చుట్టండి. నాలుగోది ఎవరూ చూడనిది. బెయిల్ చివర తంగూసు పారే చిన్న రోలర్ మట్టి పట్టి తిరగడం మానేస్తుంది. వేలితో తిప్పి చూసి, తిరగకపోతే శుభ్రం చేసి ఒక చుక్క నూనె వేయండి.

ఇప్పటికే మెలికపడ్డ తంగూసును బాగు చేయాలంటే గాలం, సీసం, బెండు అన్నీ విప్పి, ఖాళీ తంగూసును పారే నీటిలోకి వదలాలి. పడవ ఉంటే మెల్లగా నడుపుతూ వెనక్కి వదలండి. యాభై మీటర్లు వదిలి కొన్ని నిమిషాలు ఉంచితే పురి దానంతటదే విడిపోతుంది. తర్వాత రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకుని చుట్టుకోవాలి.

డ్రాగ్ ఎంత బిగించినా స్పూల్ మీద తంగూసు తిరిగిపోతోంది

ఇది చాలామంది రీల్ పాడైందనుకుని మార్చేసే సమస్య. స్పూల్‌ను చేత్తో గట్టిగా పట్టుకుని తంగూసు లాగి చూడండి. స్పూల్ కదలకుండా, దాని మీద చుట్టిన తంగూసు మొత్తం ఒక ముద్దలా తిరిగితే రీల్ తప్పు కాదు. నున్నటి లోహం మీద బ్రెయిడ్‌ను, అంటే సన్నటి పోగులు అల్లిన తంగూసును, నేరుగా చుట్టారు, అది జారుతోంది. బ్రెయిడ్ అంతా విప్పి, అడుగున పది పన్నెండు చుట్లు మామూలు నైలాన్ తంగూసు వేసి, దానికి బ్రెయిడ్ ముడివేసి మళ్లీ చుట్టండి.

స్పూల్ కూడా తిరుగుతుంటే అప్పుడు డ్రాగ్ వాషర్లు చూడాలి. నెలల తరబడి బిగించి పెట్టిన రీల్‌లో అవి నలిగిపోతాయి. ఇంటికి రాగానే డ్రాగ్ వదులు చేసి పెట్టండి.

పెద్దది పడింది, లాగుతుండగా తెగిపోయింది

బాధతో మిగిలిన కొసను కోసి పారేయకండి. ఏం జరిగిందో చెప్పేది ఆ కొసే.

కొస పంది తోకలా సుళ్లు తిరిగి ఉంటే తంగూసు తెగలేదు, ముడి జారింది. నైలాన్‌కు వేసే మామూలు క్లించ్ ముడి బ్రెయిడ్‌కు నిలవదు, పాలోమార్ ముడి వేయండి. ఏ ముడి అయినా బిగించే ముందు ఉమ్మితోనో నీళ్లతోనో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది.

కొస గరుకుగా, పీచులు లేచినట్టు ఉంటే ఎక్కడో రాసుకుంది. నీటిలో రాయి, తుమ్మ మోడు, వాలుగ పళ్లు ఏవైనా కావచ్చు. వాలుగ కోసం వెళ్తే గాలం ముందు ఒక అడుగు పొడవున మందపాటి తంగూసు ముక్క, అంటే లీడర్, పెట్టాల్సిందే. నీటిలో ఏమీ లేని చోట కూడా ఇలాగే జరుగుతుంటే రాడ్ ఉంగరాలను చూడండి. లోపలి పింగాణీ చుట్టులో కంటికి కనబడని పగులు ఉంటే తంగూసును కత్తిలా కోస్తుంది. కొంచెం దూదిని ఉంగరంలో తిప్పితే పగులు దగ్గర పీచు పట్టుకుంటుంది.

కొస నేరుగా, సాగినట్టు, తెల్లబారి ఉంటే బరువు మించింది. డ్రాగ్ ఎక్కువ బిగించారు. తంగూసు బలంలో మూడో వంతుకు మించకుండా పెట్టుకోవాలి. 10 పౌండ్ల తంగూసు అంటే దాదాపు నాలుగున్నర కిలోలు. దానికి డ్రాగ్ ఒకటిన్నర కిలోల దగ్గర జారడం మొదలవ్వాలి. చేతి అంచనా నమ్మకండి. బ్యాగులు తూచే చిన్న త్రాసు కొక్కేనికి తంగూసు కట్టి, రాడ్ వంచి లాగండి. మొదటిసారి ఇలా కొలిచినప్పుడు నా డ్రాగ్ మూడు కిలోలు దాటి ఉంది. అంతకుముందు ఏళ్లలో తెంచుకుపోయిన బొచ్చెలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

తంగూసు ఎండకు, కారు డిక్కీ వేడికి కూడా చస్తుంది. తరచూ వెళ్లేవారు నైలాన్‌ను ఏడాదికోసారి మార్చాలి. ప్రతి చేప తర్వాత చివరి మీటరును వేళ్ల మధ్య పోనిచ్చి, గరుకు తగిలితే అక్కడికి కోసి మళ్లీ ముడి వేయండి.

బెండు మునుగుతోంది, కొడితే (రాడ్‌ను చటుక్కున లేపితే) ఖాళీ గాలం వస్తోంది

బెండు టకటకా ఆడుతూ ఎర మాయమవుతుంటే అవి పరిగెలు, చిన్న చేపలు. అక్కడ గాలం చిన్నది చేస్తే పరిగెలే పడతాయి, అది మీకు కావాలో వద్దో చూసుకోండి. శీలావతి కోసం వచ్చి ఉంటే పిండిని గట్టిగా కలపండి. తవుడు, వేరుశనగ చెక్క పొడి మాత్రమే అయితే నీటిలో తొందరగా విరిగిపోతుంది. కాస్త గోధుమపిండి జిగురు ఉండాలి. నా లెక్క, పది నిమిషాల తర్వాత బయటికి తీస్తే గాలం మీద సగం ముద్దయినా మిగలాలి.

బెండు నెమ్మదిగా పక్కకు జరిగి, లేదా పైకి తేలి పడుకుంటే అది పెద్ద చేప పని. అయినా తగలకపోతే గాలం కొన మొద్దుబారింది. బొటనవేలి గోరు మీద కొనను తేలికగా లాగండి. జారిపోతే మొద్దు, గీత పడి ఆగితే పదును. మొద్దయిన గాలంతో రోజంతా కూర్చోవడం కన్నా కొత్తది కట్టడం మేలు.

బెండు ఉదయం నుంచి కదలలేదు

ఇక్కడ చేప ఏదో తెలియాలి. ఒకే చెరువులో పెరిగే మూడు చేపలు మూడు అంతస్తుల్లో తింటాయి. బొచ్చె పై నీటిలో, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. నోరు చూస్తేనే తెలుస్తుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, ఎర్రమోసుది కిందికి. పది అడుగుల నీటిలో అడుగున ముద్ద పెట్టి బొచ్చె రాలేదంటే తప్పు బొచ్చెది కాదు. బెండును కిందికి జరిపి ఎరను మూడు నాలుగు అడుగుల లోతులో నిలపండి. అరగంటలో ఏమీ లేకపోతే రెండడుగులు దించండి. చోటు మార్చే ముందు లోతు మార్చండి.

లోతు మార్చినా లాభం లేకపోతే నీటిలో గాలి సంగతి చూడాలి. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. నాచుతో పచ్చగా ఉన్న చెరువులో రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ ఉంటుంది. తెల్లవారితే చేప బాగా పడుతుందన్న మాట తేటనీటికి నిజం. వేసవిలో ఆకుపచ్చ చెరువుకు కాదు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అవి తినవు, ఊపిరి కోసం తంటాలు పడుతున్నాయి. ఎండ ఎక్కేదాకా ఆగండి, లేదా గాలి తగిలి అలలు కొట్టే గట్టుకు, తూము నుంచి నీళ్లు పారే వైపుకు మారండి.

కొర్రమీను దీనికి లొంగదు. అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప. గుర్రపుడెక్క, తామరాకుల మధ్య ప్లాస్టిక్ కప్పతో ఆడేవారికి ఎదురయ్యే కష్టం వేరు. ఢభీమని నీళ్లు చిమ్ముతాయి, కొడితే కప్ప మాత్రం గాల్లో ఎగిరొస్తుంది. చప్పుడు వినగానే కొట్టడమే కారణం. బరువు చేతికి తెలిసేదాకా ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టుకుని, అప్పుడు కొట్టండి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద తేలుతూ కనబడితే మాత్రం అక్కడ కప్ప వేయొద్దు. కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి, ఎర కోసం కాదు, పిల్లల కోసం దూకుతాయి. వాటిని తీసేస్తే ఆ గుంపుకు కాపలా పోతుంది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది ఈ కొర్రమీనునే.

పడవ దగ్గర

పడవ వెనుక తగిలించే చిన్న ఔట్‌బోర్డ్ ఇంజిన్ బాగా నడిచి ఐదు నిమిషాల్లో ఆగిపోతే ముందు పెట్రోల్ ట్యాంకు మూత మీద గాలి మర విప్పారో లేదో చూడండి. అసలు స్టార్టే కాకపోతే, మనిషి పడిపోతే ఇంజిన్ ఆగేలా ఒంటికి కట్టుకునే ఎర్ర తాడు క్లిప్ ఊడి ఉంటుంది. ఇంజిన్ వెనుక సన్నగా చిమ్మే నీటిధార ఆగితే వెంటనే ఆపేయాలి. నాచో ప్లాస్టిక్ కవరో నీళ్లు పీల్చే చోట అడ్డుపడింది.

గాలి నింపే పడవ నీటిలో దిగాక మెత్తబడితే అన్నిసార్లూ చిల్లి కాదు. గట్టు మీద ఎండలో గట్టిగా నింపారు, చల్లటి నీరు తగిలి లోపలి గాలి కుంచించుకుంది. కాస్త నింపి చూడండి. మళ్లీ మెత్తబడితే సబ్బు నీళ్లు రాసి బుడగలు వెతకండి. పుట్టి ఎక్కినా, పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ వేసుకుని కట్టు బిగించాలి. పక్కన పెట్టుకుంటే అది ఎవరినీ తేల్చదు.

ఒడ్డున రాయి తడిసింది, ఇందాక పొడిగా ఉంది

ఇది ప్రాజెక్టుల దిగువన కూర్చునేవారికి. కారణం ఒక్కటే, పైన నీళ్లు వదిలారు. సామాను తీసుకోవద్దు. రాడ్ వదిలేసి పైకి ఎక్కండి. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. బండల మీద నిలబడ్డ పిల్లలు వాళ్లు. ఆ వీడియో చూశాక నేను ఏ డ్యామ్ కిందా నది మధ్య బండ మీద కూర్చోలేదు. మీరూ కూర్చోవద్దు.

గాలం వేలిలో దిగింది, ముల్లు గుచ్చుకుంది

గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు కూడా చర్మం దాటి లోపలికి పోతే వెనక్కి లాగొద్దు, కండ చీలుతుంది. కొన చర్మానికి దగ్గరగా ఉంటే ముందుకే నెట్టి బయటికి తెచ్చి, ముల్లును కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి, మిగిలినదాన్ని వచ్చిన దారిన తీయండి. లోతుగా దిగినా, కీలు దగ్గరైనా ఆస్పత్రికే వెళ్లండి. కంటి దగ్గరైతే ముట్టుకోనే వద్దు, అలాగే కదలకుండా కప్పి తీసుకెళ్లండి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ను అడగండి. ఇంటి దగ్గరే ప్లయర్‌తో గాలం ముల్లును నొక్కేసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, చేపను వదిలేటప్పుడు దానికీ సుఖం.

ఇంగిలాయి చేప ముల్లు గుచ్చుకుంటే చెయ్యంతా మంట లేస్తుంది. పసుపు, ఉప్పు, ఐసు కాదు, వేడినీళ్లు కావాలి. దాని విషం వేడికి విరుగుతుంది. తట్టుకోగలిగినంత వేడి నీటిలో అరగంట నుంచి గంటన్నర దాకా చెయ్యి ఉంచండి. మంటలో చెయ్యికి వేడి సరిగ్గా తెలియదు, కాబట్టి ముందు రెండో చేత్తో నీటిని చూసుకోండి, లేదంటే కాలుతుంది. ముల్లు ముక్క లోపల విరిగినా, వాపు పైకి పాకినా, ఊపిరి బరువైనా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. నా సంచిలో అందుకే ఒక ఫ్లాస్కు ఉంటుంది. టీ అయిపోయినా అందులో వేడినీళ్లు మిగిల్చుకుంటాను.