దేవునియందు నమ్మికలో ఎదగడం ఎలా

దేవునియందు నమ్మిక పెరగాలని కోరుకునే విశ్వాసులలో చాలామంది ముందుగా తమ మనసునే పరీక్షించుకుంటారు. భయం పోయిందా, ప్రార్థనలో ధైర్యం కలిగిందా, తమకున్న విశ్వాసం సరిపోతుందా అని పదే పదే లోపలికి చూసుకుంటారు. ఇలా చూసుకోవడం వల్ల ఆందోళన పెరుగుతుందే గాని నమ్మిక పెరగడం అరుదు. ఒకరిని ఎరిగిన కొద్దీ, వారి మాట మీద అడుగు వేసిన కొద్దీ వారియందు నమ్మకం కుదురుతుంది. దేవుని విషయంలోనూ అంతే. బాధపడుతున్న కుమారుణ్ణి యేసు దగ్గరకు తెచ్చిన తండ్రి, తాను నమ్ముతున్నానని చెబుతూనే తన అపనమ్మకం విషయంలో సహాయం చేయమని వేడుకున్నాడు (మార్కు 9:24). ముందు సందేహాలన్నీ తీర్చుకుని రమ్మని యేసు అతణ్ణి వెనక్కి పంపలేదు. ఆ పిల్లవాణ్ణి స్వస్థపరిచాడు.

కాబట్టి మొదట చేయవలసిన పని చిన్నది. దేవుణ్ణి ఇంకా ఎక్కువగా నమ్మాలనే తీర్మానం మంచిదే అయినా, దాన్ని ఆచరణలో పెట్టడానికి పట్టు దొరకదు. అప్పు, అనారోగ్యం, పిల్లల భవిష్యత్తు, ఎన్నడో చేసిన పాపం నిజంగా క్షమించబడిందా అనే అనుమానం, ఇలా మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్న ఒక్క విషయాన్ని ఎంచుకోండి. ఆ విషయంలో దేవుడు ఏమి చేస్తాడని లేదా ఏమి చేయడని భయపడుతున్నారో ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యాన్ని నిదానంగా చదివితే, దేవుడు మనల్ని మరచిపోయాడనో, ఇంకా కోపంగానే ఉన్నాడనో, ఇవ్వడానికి ఇష్టపడడనో మనం లోలోపల అనుకుంటున్న సంగతి చాలాసార్లు బయటపడుతుంది. సరిదిద్దుకోవలసినది ఆ అభిప్రాయాన్నే.

దాన్ని సరిదిద్దేది వాక్యం, అయితే వాక్యాన్ని చదివే పద్ధతి మీద చాలా ఆధారపడి ఉంటుంది. మన కోరికకు సరిపోయే వాగ్దానాన్ని వెదికి, దాన్ని సందర్భం నుండి విడదీసి పట్టుకోవడం కొంతకాలం ఊరటనిస్తుంది. అనుకున్నది జరగనప్పుడు మాత్రం దేవుడే మాట తప్పాడనిపిస్తుంది. సమాధానకరమైన ఉద్దేశాలను గూర్చిన యిర్మీయా 29:11 ఎందరికో కంఠస్థం. ఆ మాట స్వదేశం నుండి బబులోనుకు బందీలుగా కొనిపోబడిన యూదులకు రాసిన లేఖలోనిది. దానికి ముందు వచనంలోనే 70 సంవత్సరాల గడువు ఉంది. ఆ లేఖ విన్న పెద్దవారిలో చాలామంది తిరుగు ప్రయాణాన్ని కళ్లారా చూసి ఉండరు. అయినా వారిని ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటమని, తామున్న పట్టణ క్షేమం కోసం ప్రార్థించమని దేవుడు చెప్పాడు. ఇలా చదివినప్పుడు ఆ వాగ్దానం బలహీనపడదు; ఆలస్యాన్ని కూడా తట్టుకోగల నమ్మికను అది ఇస్తుంది.

అబ్రాహాము చరిత్రను కూడా ఇలాగే, ఆదికాండము 12 నుండి 22 వరకు వరుసగా చదవండి. పిలుపుకు లోబడి బయలుదేరినప్పుడు ఆయన వయసు 75, దేవుడు వాగ్దానం చేసిన కుమారుడు ఇస్సాకు పుట్టినప్పుడు 100. ఆ మధ్యకాలంలో ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పాడు, భార్య దాసి హాగరు ద్వారా సంతానం పొందాడు, దేవుని మాట విని నవ్వుకున్నాడు. విశ్వాసులకు తండ్రి అనిపించుకున్నవాని జీవితంలోనే ఇన్ని ఒడుదొడుకులు ఉన్నప్పుడు, మన ఎదుగుదల తిన్నగా సాగలేదని నిరాశపడనక్కరలేదు.

ప్రార్థనలో భక్తిగా వినిపించే మాటల చాటున దాగవద్దు. 13వ కీర్తన, ఇంకా ఎంతకాలమని దేవుణ్ణే పదే పదే అడుగుతూ మొదలై, కేవలం ఆరు వచనాలలో పాటతో ముగుస్తుంది. 88వ కీర్తన అలా కూడా ముగియదు, చీకటిలోనే ఆగిపోతుంది. అయినా అది లేఖనాలలో ఉంది. ఉన్న బాధను ఉన్నట్టు చెప్పి, కావలసినదాన్ని స్పష్టంగా అడిగి, దేవుని గురించి మీకు తెలిసిన ఒక్క సత్యాన్ని పలికి ముగించండి.

ఇక, నమ్మడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమని కొందరు బోధిస్తారు; లేఖనాలు అలా చెప్పడం లేదని నా అభిప్రాయం. యెరూషలేము గోడ కడుతున్నప్పుడు శత్రువులు కుట్ర పన్నారని తెలిసి, నెహెమ్యా, అతనితో ఉన్నవారు దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కావలి కూడా ఉంచారు (నెహెమ్యా 4:9). అలాగని దేవాలయ శిఖరం నుండి దూకి దేవుణ్ణి పరీక్షించడం కూడా నమ్మిక కాదని, అలా దూకమన్న సాతానుకు యేసు ఇచ్చిన జవాబు చెబుతుంది. మీరు రాసుకున్న విషయంలో ఈ రోజు మీ వంతుగా చేయవలసినది ఏమిటో చూడండి: అప్పు లెక్క దాచకుండా ఇంట్లో చెప్పడం కావచ్చు, వైద్య పరీక్షకు వెళ్లడం కావచ్చు, ఒకరిని క్షమాపణ అడగడం కావచ్చు. అది చేసి, రేపటి సంగతి దేవునికి విడిచిపెట్టండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారమైన మన్నా కూడా ఏనాటికానాడే దొరికింది. విశ్రాంతిదినం కోసం ఆరవ దినాన రెండంతలు కూర్చుకున్నది తప్ప, మరునాటికి మిగుల్చుకున్నది పురుగు పట్టింది.

దేవుడు చేసిన సహాయాన్ని రాసిపెట్టుకోవడం మంచి అలవాటు. సమూయేలు ప్రవక్త రాయి నిలిపి దానికి ఎబెనెజరు (సహాయపు రాయి) అని పేరు పెట్టినది, ప్రజలు మరచిపోతారని ఎరిగే అయి ఉండాలి. ఎర్ర సముద్రం దాటిన మూడు దినాలకే వారి పితరులు నీళ్ల కోసం సణిగారు కదా. అయితే నెరవేరిన ప్రార్థనలతో పాటు నెరవేరనివి కూడా ఆ పుస్తకంలో ఉండాలి. తన శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధను తొలగించమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు. కృప చాలునన్న జవాబు వచ్చింది. అనుకూలమైనవే ఏరి రాసుకునే సాక్ష్యం మీద నిలిచిన నమ్మిక, మొదటి పెద్ద దుఃఖంలోనే కూలిపోతుంది.

నిద్ర లేకపోవడం, దీర్ఘకాలపు అలసట, మానసిక అనారోగ్యం కూడా నమ్మిక లోపంగా కనిపించవచ్చు. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు మందలించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు ఆహారం పెట్టించాడు, మాట్లాడినది ఆ తరువాత. అవసరమైతే వైద్యుని దగ్గరకు వెళ్లండి. అది అవిశ్వాసం కాదు.

ఇదంతా ఒంటరిగా చేయవలసిన పని కూడా కాదు. సంఘంలో కష్టాలు దాటి వచ్చిన పెద్దవారిని, వారి ప్రార్థనలు నెరవేరనప్పుడు ఎలా నిలబడ్డారని అడగండి. విజయ సాక్ష్యాల కన్నా ఆ సంభాషణలు ఎక్కువ నేర్పుతాయి. కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించినప్పుడు, యేసు వారి విశ్వాసాన్ని చూశాడని మార్కు రాశాడు. మీరు ప్రార్థించలేని రోజులు వస్తాయి గనుక, నమ్మదగిన ఇద్దరికి మీ విషయం ఇప్పుడే చెప్పి, తమ అనుదిన ప్రార్థనలో దాన్ని జ్ఞాపకం చేసుకోమని అడగండి.