గెడ్డ మీద తూము పాడవుతోందా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

ఒడిశాలోని గుణుపూర్, రాయగడ, పర్లాకిమిడి చుట్టుపక్కల ఏ ఊరి రోడ్డు పట్టుకున్నా కొంతదూరం వెళ్లేసరికి ఒక గెడ్డ (కొండవాగు) అడ్డం వస్తుంది. వంశధారలోనో, నాగావళిలోనో, మహేంద్రతనయలోనో కలిసే గెడ్డలివి. ఎండాకాలంలో చీలమండ తడిపేంత నీరు ఉంటుంది, కొండ మీద గట్టి వాన పడితే కొద్ది గంటల్లో మనిషెత్తు వస్తుంది. వాటి మీద చాలాచోట్ల రెండో మూడో హ్యూమ్ పైపులు (లావుపాటి కాంక్రీటు గొట్టాలు) పరిచి, పైన మట్టి పోసి రోడ్డు వేసేశారు. తూములంటే ఇవే. 2017 జూలైలో రాయగడ జిల్లాలో వచ్చిన మెరుపు వరదకు తెరువలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లా కొండల మీద ఎంత వాన కుమ్మరించిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక ఈ పైపులెంత?

పోయిన చోట మళ్లీ అదే సైజు పైపు వేస్తే మళ్లీ అదే జరుగుతుంది. గెడ్డ వెడల్పును తూము ఎక్కడ నొక్కేసిందో అక్కడే రోడ్డు తెగుతుంది, అక్కడే చేప ఆగిపోతుంది. అందుకే ముందు జబ్బేమిటో సరిగ్గా పట్టుకోవాలి.

రోడ్డు మధ్యలో గుంత, పూడ్చినా మళ్లీ దిగుతోంది

చుట్టూ తారు బాగానే ఉండి ఒకేచోట గుండ్రంగా కుంగితే అది తారు జబ్బు కాదు. కింద రెండు పైపులు కలిసే చోట జాయింటు విడిపోయి ఉంటుంది. పైనున్న మట్టి వానవానకీ ఆ సందులోంచి పైపులోకి జారి గెడ్డలో కలిసిపోతుంది. మనకు కనిపించే గుంత కింద దానికి ఎన్నో రెట్ల ఖాళీ ఉండొచ్చు.

నీళ్లు తగ్గిన రోజున వెదురు బొంగు చివర ఫోను కట్టి, ఫ్లాష్ వేసి పైపు లోపల వీడియో తీయండి. మనిషి లోపలికి దూరొద్దు. జాయింటు దగ్గర ఒక పైపు కిందికి దిగిందా, బురద కారుతోందా, పైపు కడుపు పగిలి ఊచలు బయటపడ్డాయా అన్నవి చూడాలి. పైపులు గట్టిగా ఉండి ఒక్క జాయింటే విడిపోతే తవ్వి, కాలర్ (జాయింటును చుట్టి ఉండే పట్టీ) మార్చి, కింద పరుపు సరిచేసి బతికించుకోవచ్చు. ఊచలు కనిపిస్తే మార్చాల్సిందే. పైపు మీద కనీసం 600 మిల్లీమీటర్ల మట్టి కప్పు ఉందో లేదో కూడా కొలవండి. అది లేకపోతే నీలగిరి దుంగల లారీ బరువు నేరుగా పైపు మీదే పడుతుంది.

మార్చేలోగా గుంతలో రాళ్లు మాత్రం వెయ్యకండి. అవి పైపులోకి దిగి దారి మూసేస్తాయి. చుట్టూ డ్రమ్ములు పెట్టి, లారీలు, ట్రాక్టర్లు ఆపించండి.

వాన లేని రోజున కూడా తూము కింద నీళ్లు బురదగా ఉన్నాయి

దీన్ని చాలామంది పట్టించుకోరు. నాకు అన్నిటికంటే భయం కలిగించే గుర్తు ఇదే. ఎగువన నీళ్లు తేటగా ఉండి దిగువన బురదగా వస్తున్నాయంటే, ఆ మట్టి రోడ్డు కట్ట లోపలి నుంచి వస్తోందని అర్థం.

తేల్చుకోవడానికి దోసెడు ఊక చాలు. ఎగువన తూము గోడకు ఆనుకుని నీళ్ల మీద చల్లి కదలకుండా చూడండి. ఊకంతా పైపు నోట్లోకి పోతే మంచిదే. కొంత ఊక గోడ పక్కకు జరిగి, సుడి తిరిగి, అక్కడే మాయమైతే ఆ చోట కట్టలోకి బొరియ ఉన్నట్టు. అప్పుడు కిందికి వెళ్లి చూస్తే పైపు అంచుకూ గోడకూ మధ్య సందులోంచి ఆ ఊకే బయటికి వస్తుంది. పైపు చుట్టూ మట్టిని పొరలుగా దిమ్మిస కొట్టకుండా ఒకేసారి పోసెయ్యడం, ఎగువ గోడ కింద అడ్డుగోడ లేకపోవడం దీనికి అసలు కారణాలు. బయట సిమెంటు పూస్తే నీళ్లు ఇంకో దారి వెతుక్కుంటాయి. విప్పి కట్టడం తప్ప దారి లేదు. కొత్తది కట్టేటప్పుడు మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా, రెండు పక్కలా సమానంగా పెంచుతూ దిమ్మిస కొట్టాలి. ఒక పక్కే పోస్తే పైపు పక్కకు తోసుకుపోతుంది.

పైపు నోరు గాల్లో వేలాడుతోంది, కింద మడుగు పడింది

సన్నని పైపులోంచి దూసుకొచ్చిన నీరు దిగువన నేలను తవ్వేస్తుంది. ముందు మడుగు పడుతుంది, తర్వాత అప్రాన్ (పైపు నోటి ముందు నేల మీద పరిచిన కాంక్రీటు) విరుగుతుంది, ఆఖరికి రెక్కగోడ (తూము పక్కన గట్టును పట్టే గోడ) ఒరుగుతుంది. గెడ్డకు కూడా దెబ్బ ఇక్కడే. తొలకరి నీటికి పరిగెలు, బొమ్మిడాయిలు గుడ్లు పెట్టడానికి ఎగువకు ఎదురీదుతాయి. పైపు నోరు మోకాలెత్తున ఉంటే అవి ఆ మడుగులోనే తిరుగుతుంటాయి. వల పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఒక్క పూటలో బుట్ట నిండుతుంది. ఎగువ ఊళ్లవాళ్లు మాత్రం గెడ్డలో చేప తగ్గిపోయిందంటారు.

తాత్కాలికంగా మడుగు దిగువన పెద్ద రాళ్లతో చిన్న చిన్న మెట్లు కట్టి నీటిమట్టాన్ని పైపు నోటిదాకా లేపొచ్చు. ఒక్కో మెట్టు జానెడుకు మించకూడదు. ఇది ఒకటి రెండు వానాకాలాలు గడిపేందుకే.

మార్చేముందు ఇంకొక సంగతి చూడాలి. గెడ్డ అడుగు తూము దగ్గరే దిగిందా, దిగువంతా దిగిందా? మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు తీసుకుని, ఎగువ 50 మీటర్లు, దిగువ 50 మీటర్లు అడుగు మట్టం కొలిచి కాగితం మీద గీయండి. దిగువంతా దిగిపోయి ఉంటే (ఇసుక తీసిన చోట్ల ఇలాగే అవుతుంది) పాత తూమే ఇన్నాళ్లూ ఎగువ గెడ్డను పట్టుకుని ఉందన్నమాట. దాన్ని తీసేస్తే కోత ఎగువకు పాకుతుంది, పొలాల గట్లు విరిగిపడతాయి. అలాంటి చోట కొత్త తూముకు ఎగువన, దిగువన పెద్ద బండరాళ్ల వరసలు అడుగులోకి పాతిపెట్టి మట్టాన్ని నిలబెట్టాలి.

ప్రతి గట్టి వానకూ నీళ్లు రోడ్డెక్కుతున్నాయి

ముందు చెత్త చూడండి. పోడు కొండల నుంచి వచ్చిన కొమ్మలు, వెదురు దుబ్బులు పైపు నోటికి అడ్డం పడి ఉంటే తీసేస్తే సరిపోవచ్చు. తీసినా ఏటా అదే కథ అయితే తూము చిన్నది.

ఒక లెక్క వేసి చూద్దాం. గెడ్డకు నీళ్లిచ్చే కొండ వాలు 100 హెక్టార్లు అనుకోండి. గంటకు 60 మిల్లీమీటర్ల వాన, అందులో సగం పారుతుందనుకుంటే, 0.5 × 60 × 100 ÷ 360 (ఈ 360 కొలతలను సెకనుకు ఘనమీటర్లలోకి మార్చడానికి), అంటే సెకనుకు సుమారు 8.3 ఘనమీటర్లు. మూడు 900 మిల్లీమీటర్ల పైపులు నిండా పారినా దారి 1.9 చదరపు మీటర్లే. అంత నీరు దూరాలంటే సెకనుకు 4 మీటర్లకు పైగా వేగం కావాలి. అంత వేగం పుట్టాలంటే ఎగువన నీళ్లు ఎత్తుగా నిలబడాలి. రోడ్డు మీదికి ఎక్కేది ఆ నీళ్లే. అంత వేగంలో ఏ చేపా ఎదురీదలేదు.

మరి ఎంత వెడల్పు కావాలి? తూము ప్రభావం లేనంత దూరం ఎగువకు వెళ్లి, గట్టు నిండా పారినప్పటి వెడల్పు అయిదారు చోట్ల కొలవండి. గడ్డి, పొదలు మొదలయ్యే గీత దానికి గుర్తు. ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. "తిత్లీ అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి తాతా?" అంటే చేత్తో చెట్టు మొదలు చూపించేస్తారు. ఆ గుర్తు పెద్ద వరదకు తూము ఎత్తు, రోడ్డు మట్టం సరిపోతాయో లేదో చెబుతుంది. చేపల దారుల కోసం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాడే సూత్రం ఒకటుంది: గట్టు నిండిన వెడల్పుకు 1.2 రెట్లు, దాని మీద 2 అడుగులు. గెడ్డ 3 మీటర్లు ఉంటే తూము 4.2 మీటర్లు రావాలి. అడుగు నుంచి 1.5 మీటర్ల ఎత్తు ఖాళీ ఉంచితే దారి 6.3 చదరపు మీటర్లు, పైపుల కంటే మూడు రెట్లకు పైనే. పై లెక్కలోని నీరే సెకనుకు 1.3 మీటర్ల వేగంతో వెళ్లిపోతుంది. ఇంత చేసినా 6 మీటర్ల లోపే కాబట్టి కాగితాల్లో కల్వర్టే, వంతెన కాదు. ఖర్చు పైపుల కంటే ఎక్కువే, కాదనను. కానీ నాలుగేళ్లకోసారి కట్ట పోసుకునే ఖర్చు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కింద గట్టి మొరమో రాయో తగిలితే, రెండు గోడల మీద స్లాబు వేసి అడుగును గెడ్డకే వదిలెయ్యడం అన్నిటికంటే మేలు. మెత్తని నేలైతే బాక్సు (నాలుగు వైపులా కాంక్రీటు ఉండే పెట్టె లాంటి తూము) కట్టాలి. కానీ దాని అడుగు స్లాబును గెడ్డ అడుగుకు సమానంగా పెట్టొద్దు. ఎత్తులో కనీసం అయిదో వంతు కిందికి దించి, లోపల గెడ్డ రాళ్లే పరవాలి.

ఎగువన ఇసుక మేట

ఇది విడి జబ్బు కాదు. ఇరుకు తూము వెనక నీరు నిలబడి ఇసుక దించేస్తుంది. వెడల్పు చేస్తే పోతుంది. కానీ ఆ మేటను జేసీబీతో ఒకేసారి లాగొద్దు, దిగువంతా బురదవుతుంది.

మార్చే పని: గెడ్డకు దెబ్బ తగలకుండా

ఫిబ్రవరి నుంచి మే మధ్యలోపు ముగించాలి. జూన్‌లో వానలు మొదలవుతాయి, చేపలు కదిలేదీ అప్పుడే. బిల్లుల కోసం మే ఆఖర్లో గొయ్యి తవ్వడం మొదలుపెట్టే పనిని ఒప్పుకోకండి.

ఎగువన ఇసుక బస్తాలతో అడ్డు వేసి, నీటిని ఒక పక్క టార్పాలిన్ పరిచిన కాలువలోకి మళ్లించండి. పారే వాలు ఉంటే మోటారు అక్కర్లేదు. మోటారు పెడితే పీల్చే చోట దోమతెర లాంటి జాలీ కట్టాలి, లేకపోతే చేపపిల్లలన్నీ ఫ్యానులో నలిగిపోతాయి. మళ్లించగానే గుంటల్లో మిగిలిన చేపలను, పీతలను బుట్టలతో పట్టి ఎగువన వదలండి. పిల్లలకు చెబితే అరగంటలో చేసేస్తారు, పెద్దవాళ్లు ఒడ్డున నిలబడితే చాలు.

గొయ్యిలో ఊరిన బురదనీటిని గెడ్డలోకి తోడొద్దు, పక్కనున్న బీడులోకి వదిలితే గడ్డి వడగడుతుంది. వాహనాల కోసం వేసిన మళ్లింపు మట్టిదారిని వానలకు ముందు పూర్తిగా ఎత్తెయ్యాలి. ఇది చాలాచోట్ల మరిచిపోతారు, మొదటి వరదకు ఆ మట్టంతా గెడ్డలోనే పడుతుంది.

పచ్చి కాంక్రీటు తాకిన నీరు సున్నపునీరులా ఘాటుగా ఉంటుంది, చేప మొప్పలు మాడిపోతాయి. కాబట్టి కాంక్రీటు గట్టిపడేదాకా, కనీసం వారం రోజులు, గెడ్డను దానికి తగలనివ్వకండి. మిక్సరు కడిగిన నీటికి టార్పాలిన్ పరిచిన గొయ్యి వేరే ఉండాలి. డీజిలు మోటారు కింద రేకు పెట్టండి.

తవ్వేటప్పుడు అడుగు మీది గులకరాళ్లను, బండలను విడిగా కుప్ప పోయించండి. చివర్లో తూము లోపల పరిచేది వాటినే. పరిచాక సందుల్లోకి ఇసుక, సన్న గ్రావెల్ పోసి నీళ్లతో కొట్టి దించాలి. అలా చెయ్యకపోతే ఎండాకాలంలో నీరంతా రాళ్ల కిందికి ఇంకి పైన ఎండిపోతుంది. మధ్యలో కొంచెం లోతుగా సన్నని పాయ వదిలితే తక్కువ నీళ్లలో కూడా చేప వెళ్తుంది. తెగిన గట్ల మీద వావిలి కొమ్మలు, వట్టివేరు నాటండి. ఏరుమద్ది చెట్టు ఉంటే దాని వేళ్ల జోలికి జేసీబీని పోనివ్వకండి.

కాగితాలు

రోడ్డు ఎవరిదో ముందు బ్లాకు ఆఫీసులో తేల్చుకోండి. దరఖాస్తు ఒడియాలో రాయించి, ఫోటోలు, కొలతలు జతచేసి ఇస్తే జూనియర్ ఇంజనీరుకు పని తేలిక. రాయగడ జిల్లా మొత్తం, గజపతిలో కొంతభాగం షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి పల్లిసభలో (ఊరివాళ్లంతా కూర్చునే సభ) మాట్లాడి తీర్మానం పెట్టించండి. అడవి భూమి తగిలితే అటవీశాఖ అనుమతి వేరే కావాలి.

తొలి వరద తర్వాత

పని అయిపోయిన ఏడాది మొదటి రెండు పెద్ద వానల తర్వాత వెళ్లి చూడండి. లోపలి రాళ్లు కొన్ని కదిలి, ఎగువ నుంచి కొత్తవి వచ్చి చేరితే అంతా బాగున్నట్టే. కాంక్రీటు బయటపడితే నీరు తగ్గాక ఇంకా పెద్ద రాళ్లు నాలుగు అడ్డంగా పాతించండి. దిగువన కొత్త మడుగు పడుతుంటే లోతు కొలిచి రాసి ఉంచుకోండి. రెండో వానకు అది పెరిగితే ఆలస్యం చెయ్యకుండా ఇంజనీరును తీసుకొచ్చి చూపించండి.