ఎన్‌కే కణాలు, అవయవ మార్పిడి – 4వ పాఠం: హెచ్‌ఎల్‌ఏ రిపోర్టులో లేనిదాన్ని చదవడం

ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలంటే తేడాగా కనిపించిన కణాలను చంపే రక్షణ కణాలు, హెచ్‌ఎల్‌ఏ అంటే కణాల పైన ఉండే గుర్తింపు ప్రొటీన్లు, కిర్ అంటే ఆ ప్రొటీన్లను తడిమి చూసే ఎన్‌కే కణపు గ్రాహకాలు. పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను: హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసిన ఇద్దరు అన్నదమ్ములకు కిర్ జన్యువులు కూడా కలిసి తీరాలా? అక్కర్లేదు. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి, కిర్ జన్యువులు 19వ దాని మీద ఉంటాయి, దేని దారిన అది పిల్లలకు వస్తుంది. ఇది గుర్తు పెట్టుకుంటే ఇవాళ్టి పని తేలిక.

దాత రిపోర్టు, గ్రహీత రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని ఎన్‌కే కణం ఎక్కడ రెచ్చిపోయే వీలుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టడం, అదే ఇవాళ నేర్చుకునేది. ముందే ఒక మాట చెప్పాలి, కిడ్నీ మార్పిడికి చేసే మామూలు మ్యాచింగ్‌లో ఈ లెక్క ఉండదు, దీన్ని చూసి ఎవరూ ఆపరేషన్ చెయ్యాలా వద్దా అని తేల్చరు. కాబట్టి ఇంట్లోవాళ్ళ రిపోర్టు బయటికి తీసి లెక్కేసి టెన్షన్ పడకండి. ఇది ఆ కణం ఎలా ఆలోచిస్తుందో అర్థం కావడానికి మాత్రమే.

టీ కణం (పరాయి కణాలను గుర్తుపట్టే ఇంకో రకం రక్షణ కణం) అడిగే ప్రశ్న మనకు అలవాటైందే: దాతలో ఉండి నాలో లేనిది ఏముంది? ఎన్‌కే కణం దీన్ని తిరగేసి అడుగుతుంది: నాలో ఉండి దాతలో లేనిది ఏముంది? ఎన్‌కే కణం మీద ఉండే కిర్‌లలో కొన్ని బ్రేకులు, ఎదుటి కణం మీద తమకు తెలిసిన హెచ్‌ఎల్‌ఏ తగిలితే బ్రేకు పడుతుంది, తగలకపోతే పడదు. దీనికి మిస్సింగ్ సెల్ఫ్ అని పేరు. స్వీడన్‌లో క్లాస్ కారె బృందం 1986లో ఎలుకల్లో దీన్ని చూపించింది. హెచ్‌ఎల్‌ఏ లాంటి అణువులు పోగొట్టుకున్న లింఫోమా (ఒక రకం క్యాన్సర్) కణాలను ఎలుకలు తరిమేశాయి, అవి ఉన్న కణాలు మాత్రం హాయిగా పెరిగాయి. మామూలు బుద్ధికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది, అందుకే ఈ పాఠం దగ్గర చాలామంది తడబడతారు.

సరే, రిపోర్టులోకి వద్దాం. అందులో మనకు కావాల్సినవి ఏ, బీ, సీ అనే మూడు హెచ్‌ఎల్‌ఏ వరుసలు, నక్షత్రం తర్వాతి నంబరు రకాన్ని చెబుతుంది. మొదట చూడాల్సింది సీ వరుస. ప్రతి సీ రకం రెండు గుంపుల్లో ఒకదాంట్లో పడుతుంది, ఆ ప్రొటీన్‌లో 80వ స్థానంలో ఉన్న అమైనో ఆమ్లం ఆస్పరజిన్ అయితే సీ1, లైసిన్ అయితే సీ2. సీ*01, 07, 08, 14 సీ1లోకి వస్తాయి, 03, 12లలో కూడా ఎక్కువ భాగం ఇక్కడే. సీ*02, 04, 05, 06, 17, 18 సీ2, 15లో ఎక్కువ భాగం కూడా సీ2. ఇక బీ వరుసలో మనకు కావాల్సింది బీడబ్ల్యూ4 (కొన్ని హెచ్‌ఎల్‌ఏల మీద ఉండే ఒక ఆనవాలు) ఉందా లేదా అన్నదే: బీ*44, 51, 52, 57, 58లలో ఉంటుంది, బీ*07, 08, 35, 40లలో ఉండదు, వాటిది బీడబ్ల్యూ6, దాన్ని చూసే కిర్ లేదు కాబట్టి వదిలెయ్యండి. ‘ఏ’ అనే వరుసను చాలామంది చూడకుండా దాటేస్తారు, కానీ ఏ*23, 24, 32 కూడా బీడబ్ల్యూ4ను మోస్తాయి. మన దగ్గర ఏ*24 బాగానే కనిపిస్తుంది, కాబట్టి ఇక్కడ ఆగండి.

బ్రేకులుగా పనిచేసే కిర్‌లు ఇవి: 2డీఎల్1 సీ2ను చూస్తుంది, 2డీఎల్2, 2డీఎల్3 సీ1ను చూస్తాయి, 3డీఎల్1 బీడబ్ల్యూ4ను చూస్తుంది. 3డీఎల్2 అనేది ఏ*03, ఏ*11లను చూస్తుంది గానీ ఆ బ్రేకు ఎంత గట్టిదన్నది తేలని వ్యవహారం, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పొండి.

ఇప్పుడొక ఉదాహరణ, కల్పితమే, కానీ మన ఇళ్ళకు దూరమైందేం కాదు. తండ్రి తన కూతురికి కిడ్నీ ఇస్తున్నాడు. ఆయన రిపోర్టు: ఏ*33, బీ*44, సీ*07, ప్రతిదాని పక్కనా రెండో నంబరు బదులు గీత. గీత ఉందంటే ల్యాబ్ మరిచిపోయిందని కాదు, రెండో కాపీ కూడా అదే రకమని సాధారణంగా అర్థం. అమ్మా నాన్నల నుంచి ఒకే హెచ్‌ఎల్‌ఏ కట్ట వచ్చిందన్నమాట, మేనరికం చేసుకున్న ఇళ్ళలో ఇలా జరిగే అవకాశం బయటి సంబంధాల కంటే ఎక్కువే. కూతురి రిపోర్టు: ఏ*33, ఏ*11, బీ*44, బీ*35, సీ*07, సీ*04.

టీ కణం లెక్క వేస్తే, తండ్రిలో ఉండి కూతురిలో లేనిది ఒక్కటీ లేదు, ఈ మూడు వరుసల్లో తేడా సున్నా, అందరూ సంతోషించే రిపోర్టు. ఎన్‌కే లెక్క వేయండి. కూతురిలో సీ1, సీ2, బీడబ్ల్యూ4 మూడూ ఉన్నాయి. తండ్రిలో సీ1, బీడబ్ల్యూ4 ఉన్నాయి, సీ2 లేదు. కూతురి ఎన్‌కే కణాల్లో 2డీఎల్1ను మాత్రమే బ్రేకుగా పెట్టుకున్న గుంపు ఒకటి ఉంటుంది (ఈ కిర్ దాదాపు అందరిలోనూ ఉంటుంది), అవి ఆమె సొంత సీ2ను చూస్తూ శిక్షణ పొందినవి, అంటే కొట్టే సత్తా ఉన్నవే. అవి తండ్రి కిడ్నీలోని రక్తనాళాల్లో తిరుగుతున్నప్పుడు సీ2 తగలదు, బ్రేకు పడదు. అక్కడ పెన్సిల్ గుర్తు పెట్టండి. ఏ*11 కూడా తండ్రిలో లేదు, దానికి ప్రశ్నార్థకం.

ఇదేదో కాగితం మీద తమాషా అనుకోకండి. 1971లోనే గుస్తావో కుడ్కోవిచ్, మైఖేల్ బెన్నెట్ రాశారు, రెండు శుద్ధ జాతుల ఎలుకలకు పుట్టిన పిల్ల తన తల్లి లేదా తండ్రి జాతి ఎముక మజ్జను తిరస్కరిస్తోందని. అప్పటి నియమాల ప్రకారం అలా జరగకూడదు. ఎన్‌కే కణాలకు పేరు పెట్టింది 1975లో కాబట్టి ఆ పని చేసిందెవరో అప్పటికి ఎవరికీ తెలియదు.

మరి మనుషుల్లో? ఫ్రాన్స్‌లోని లియాన్ బృందం 2019లో అచ్చు వేసిన పరిశోధన నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చింది. కిడ్నీ మార్పిడి తర్వాత బయాప్సీలో సన్న రక్తనాళాల వాపు కనిపించిన 129 మందిని తీసుకుంటే, దాదాపు సగం మందిలో ఆ దెబ్బకు యాంటీబాడీలు కారణం కాదని తేలింది. ఆ గుంపును జన్యుపరంగా చూస్తే, దాత హెచ్‌ఎల్‌ఏకీ గ్రహీత కిర్‌కీ మధ్య మనం ఇప్పుడు పెన్సిల్‌తో పట్టుకున్న రకం తేడాలు ఎక్కువగా ఉన్నాయి. ఎలుకల్లో రాపమైసిన్ అనే మందు ఈ రకం తిరస్కరణను ఆపగలిగింది, ఎందుకంటే ఇలా రెచ్చిన ఎన్‌కే కణం తన లోపలి ఎమ్‌టార్ అనే సంకేతాల దారిలోనే పనిచేస్తుంది, ఆ మందు ఆపేది ఆ దారినే. వాపు రక్తనాళాల్లోనే ఎందుకన్నది మీకు ఈపాటికి తట్టి ఉండాలి: రక్తంలో తిరిగే ఎన్‌కే కణానికి మొదట తగిలేది ఆ నాళాల లోపలి పొరే.

అలాగని సీ2 లేని ప్రతి కిడ్నీ పాడైపోదు. కణం మీద ఒక్క కిర్ బ్రేకే ఉండదు, హెచ్‌ఎల్‌ఏ-ఈని చూసే ఎన్‌కేజీ2ఏ అనే ఇంకో బ్రేకు కూడా చాలా కణాల్లో పనిచేస్తుంది, పైగా రెచ్చగొట్టే సంకేతాలు కూడా అందాలి.

ఇప్పుడు దిశ మార్చండి, నా దృష్టిలో అసలు నేర్చుకోవాల్సింది ఇదే. కూతురే తండ్రికి కిడ్నీ ఇస్తే? చూసేది తండ్రి ఎన్‌కే కణాలు, వాటికి తెలిసిన సీ1, బీడబ్ల్యూ4 రెండూ కూతురి కిడ్నీలో ఉన్నాయి, కాబట్టి గుర్తు పెట్టాల్సింది లేదు (టీ కణాలకు మాత్రం ఏ*11, బీ*35, సీ*04 కొత్తవే, అక్కడ గొడవ ఉంది). ఇచ్చేది ఎముక మజ్జ అయితే ఇంకోసారి తిరుగుతుంది, అప్పుడు చూసేవి దాత కణాలు, చూడబడేది గ్రహీత శరీరం. అంటే తండ్రికి లుకేమియా (రక్త క్యాన్సర్) ఉండి కూతురి మజ్జ ఆయనకు వెళ్తే సీ2 లేని ఆయన లుకేమియా కణాల మీద ఆమె ఎన్‌కే కణాలకు బ్రేకు పడదు, ఇక్కడ అది కావాల్సిందే. ఇటలీలోని పెరూజాలో రుగ్గేరి, వెలార్డి బృందం 2002లో ఇదే చెప్పింది: హెచ్‌ఎల్‌ఏ సగం కలిసిన దాతల మజ్జ తీసుకున్న ఏఎమ్‌ఎల్ (ఒక రకం లుకేమియా) రోగుల్లో, దాత ఎన్‌కే కణాలు ఈ దిశలో రెచ్చే జంటల్లో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. కిడ్నీలో భయపడే గుర్తే మజ్జలో వెతుక్కునే గుర్తు అయింది. అందుకే ఏ జంట తీసుకున్నా ముందు కాగితం పైన బాణం గీయండి, చూసేవాళ్ళ నుంచి చూడబడేవాళ్ళ వైపు, ఆ తర్వాతే నంబర్లు.

ఇక మీ పని. గ్రహీత: ఏ*02, ఏ*24, బీ*07, బీ*35, సీ*07, సీ*04. దాత: ఏ*01, ఏ*02, బీ*07, బీ*08, సీ*07, గీత. మార్చేది కిడ్నీ. గ్రహీత రిపోర్టులో బీ వరుస ఒక్కటే చూసి బీడబ్ల్యూ4 లేదనుకుంటే ఒక గుర్తు తప్పిపోతుంది. రెండు గుర్తులూ దొరికాక, గ్రహీతకు 3డీఎల్1 జన్యువు అసలు లేదని (కొందరికి ఉండదు) కిర్ రిపోర్టు చెబితే ఏది చెరిపెయ్యాలో రాయండి. ఆ తర్వాత అదే జంటకు మజ్జ మార్పిడి అనుకుని మళ్ళీ మొదటి నుంచి చెయ్యండి.

జవాబులతో మొదలుపెట్టి 5వ పాఠంలో సీడీ16లోకి వెళ్దాం, అంటే మిస్సింగ్ సెల్ఫ్‌తో పనిలేకుండా యాంటీబాడీ చెయ్యి పట్టుకుని ఎన్‌కే కణం కిడ్నీ మీదికి వచ్చే దారి.