కొలాజ్ అతికించే ముందు చూసుకోవాల్సినవి

దాచుకున్న టికెట్లు, ఉత్తరాలు, గుడ్డ ముక్కలు, ఎండుటాకులతో కొలాజ్ చేయబోతున్నారా? జిగురు మూత తీయకముందే ఇవి చూసుకోండి.

– పాత ఫొటోలు, చేతిరాత ఉత్తరాలు అసలువి అతికించకండి. ఒకసారి అంటుకున్నాక చిరగకుండా ఊడి రావడం చాలా కష్టం. కాపీ తీసి వాడండి. లేజర్ ప్రింట్ అయితే మేలు, ఇంక్‌జెట్ రంగు తడి తగిలితే పాకుతుంది.

– బిల్లులు, కొన్ని టికెట్లు థర్మల్ కాగితం మీద అచ్చవుతాయి. వెనక్కి తిప్పకుండా, అచ్చు ఉన్న వైపు గోరుతో గట్టిగా గీరండి. నల్ల గీత పడితే అదే. వేడి తగిలితే నల్లబడుతుంది, కొన్నాళ్లకు అక్షరాలే మాయమవుతాయి. దీనికీ కాపీయే దారి.

– న్యూస్‌పేపర్‌లో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది, వెలుతురుకి పసుపెక్కుతుంది. నాకైతే ఆ రంగు ఇష్టమే.

– ఆకులు, పూలు పూర్తిగా ఎండాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది.

– అడుగున మందపాటి అట్ట.

– యాసిడ్ లేని పీవీఏ జిగురు (తెల్ల జిగురు) మంచిది. ముందు పనికిరాని ముక్క మీద రాసి చూడండి.

– కట్టర్‌కి కొత్త బ్లేడు, పక్కన స్టీల్ స్కేలు. మొద్దు బ్లేడు జారి చెయ్యి తెగుతుంది. స్ప్రే జిగురైతే కిటికీలు తెరవండి.

– ముక్కలన్నీ పేర్చి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే అతికించండి.