హెడ్డు మీద స్క్రేపర్ జారి గీత పడిందా, ముందు ఆ శాండ్‌పేపర్ పక్కన పెట్టండి

ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్డు దించి, దానికీ కింది బ్లాకుకీ మధ్య సీలుగా ఉండే పాత గ్యాస్కెట్ గీకుతుంటే స్క్రేపర్ సర్రున జారింది, తళతళలాడే అల్యూమినియం మీద ఒక గీత. నాకు జరిగినప్పుడైతే వేలితో తుడిస్తే పోతుందేమో అని తుడిచి కూడా చూశా, నవ్వకండి. ఆ తర్వాత చేసిన పని ఇంకా పెద్ద తప్పు, గీత పోయేదాకా శాండ్‌పేపర్‌తో అక్కడే రుద్దా. గీత పోయింది, దాని బదులు వేలికి కూడా తెలిసేంత పల్లం పడింది. గీత అలా వదిలేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు, ఆ పల్లం వల్లే హెడ్డు ఫేసింగ్‌కి, అంటే మెషీన్ మీద పైపొర చెక్కి సమం చేయించడానికి, పంపాల్సొచ్చింది.

అందుకే చెప్తున్నా, గీత ఎంత పెద్దదో అని కాదు, ఎక్కడ పడిందో, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూడాలి. ముందు హెడ్డు శుభ్రంగా తుడిచి, కొత్త గ్యాస్కెట్ తెచ్చి దాని మీద పెట్టి చూడండి. సిలిండర్ చుట్టూ ఉండే రింగు, నీళ్ల దారుల చుట్టూ ఉండే సీలింగ్ గీతలు, ఆయిల్ దారి, ఇవి ఎక్కడ కూర్చుంటాయో మార్కర్‌తో సన్నగా గుర్తు పెట్టుకోండి. మీ గీత వీటిలో దేన్నీ దాటకుండా మధ్యలో ఖాళీ చోట ఉంటే హాయిగా ఊపిరి పీల్చుకోండి. ఇంధనం మండే కంబషన్ చాంబర్ నుంచి నీళ్ల కన్నం వైపు అడ్డంగా పోయిందంటే మాత్రం చిన్నదైనా వదలొద్దు, ఎందుకంటే లోపల మండే గ్యాస్ ప్రెషర్‌కి ఆ సన్న కాలవే దారి. రెండు సిలిండర్ల మధ్య సన్నగా ఉండే గోడ మీద పడినా అంతే. రింగుకి సమాంతరంగా దాని బయట ఉన్న గీత చూడ్డానికి ఎంత ఘోరంగా ఉన్నా చాలాసార్లు ఏమీ చేయదు.

తర్వాత గోరు పరీక్ష. గీతకి అడ్డంగా గోటిని మెల్లగా లాగండి, తగులుకోకుండా జారిపోతే అది మరక కిందే లెక్క. తగులుకుంటే మాత్రం ఒకటి గమనించండి, మెత్తని లోహంలో గంటు పడితే తవ్వుకుపోయిన లోహం అంచుల మీద గట్టులా లేస్తుంది, చాలామంది ఈ సంగతే పట్టించుకోరు. గ్యాస్కెట్‌ని ముందు ఎత్తి పట్టేది ఆ గట్టే. దాన్ని తీయడానికి సన్నరకం ఆయిల్ స్టోన్ కావాలి, సమంగా ఉన్నది. కిరోసిన్‌లో తడిపి, హెడ్డు మీద పరిచినట్టు పెట్టి, బరువు వేయకుండా నాలుగైదు సార్లు అటూ ఇటూ జరపండి. గట్టు తగిలినంతసేపు చేతికి గరగరమని తెలుస్తుంది, అది పోగానే రాయి వెన్నలా జారుతుంది, అక్కడ ఆపేయాలి. ఇంకో రెండు సార్లు అనుకున్నారంటే నా లాగే పల్లం చేస్తారు.

డ్రిల్లుకి తగిలించే గరుకు డిస్కులు అసలు వాడొద్దు. నిమిషంలో మెరిసిపోతుంది నిజమే, కానీ ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ తినేస్తుంది, పైగా ఆ డిస్కు నుంచి రాలే పొడిలో అల్యూమినియం ఆక్సైడ్ ఉంటుంది, అది ఆయిల్‌లో కలిసిందా బేరింగులు అరిగిపోతాయి. అంటే హెడ్డు బాగు చేయబోయి ఇంజన్ కింద సగం కూడా పాడు చేసుకున్నట్టు.

గట్టు పోయాక స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని ఉక్కు బద్ద) పెట్టి, దాని కింద సందు ఎంతుందో ఫీలర్ గేజ్ (కొలత తెలిసిన సన్న రేకులు) దూర్చి చూడండి, పొడవునా, అడ్డంగా, రెండు మూలలకీ ఐమూలగా. చాలా కార్లలో పొడవునా 0.1 మిల్లీమీటర్, అడ్డంగా 0.05 మిల్లీమీటర్ దగ్గర్లో హద్దు ఉంటుంది, అయినా మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్. ఇంకో మాట, పొరలు పొరలుగా స్టీల్‌తో వచ్చే గ్యాస్కెట్లకి సర్ఫేస్ బాగా నున్నగా ఉండాలి, పాతరకం కాంపోజిట్ గ్యాస్కెట్ మెత్తగా ఉంటుంది కాబట్టి చిన్న చిన్న గీతల్ని మింగేస్తుంది. కాబట్టి పాత కారుకి నడిచిపోయిన గీత కొత్త కారుకి నడవకపోవచ్చు.

ఎపాక్సీ మెటల్ పుట్టీ గురించి చాలామంది అడుగుతారు. బయటి అంచు దగ్గర, నీళ్ల కన్నం చుట్టూ తుప్పు తిన్న గుంట లాంటివైతే, శుభ్రంగా ఆయిల్ జిడ్డు తీసి, వేడిని తట్టుకునే రకం నింపి, పూర్తిగా గట్టిపడ్డాక సమం చేస్తే పని జరుగుతుంది. సిలిండర్ చుట్టూ రింగు కూర్చునే చోట మాత్రం పెట్టకండి, ఆ వేడికీ ప్రెషర్‌కీ అది నిలవదు.

లోతు ఎక్కువైతే ఫేసింగే దారి. మెషీన్ షాపులో ఇచ్చేటప్పుడు గీత పోయేంత వరకే తీయమని గట్టిగా చెప్పండి, హెడ్డు కనీస మందం ఎంత ఉండాలో మాన్యువల్‌లో చూసి చెప్పండి. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి, వాల్వుల్ని తెరిచే కామ్ షాఫ్ట్ హెడ్డులోనే ఉన్న ఇంజన్‌లో టైమింగ్ కూడా కొంచెం వెనక్కి జరుగుతుంది. కొన్ని డీజిల్ హెడ్డులకి ఫేసింగే చేయకూడదని కంపెనీ రాస్తుంది, అడగకుండా పంపకండి. ఫేసింగ్‌తో కూడా పోనంత లోతుంటే టిగ్ వెల్డింగ్ పెట్టి మళ్లీ ఫేసింగ్ చేయాలి, అది హెడ్డుల మీద చేయి తిరిగినవాళ్ల పని, ఎందుకంటే వేడికి హెడ్డు వంగుతుంది, మెత్తబడుతుంది, వాల్వ్ సీట్లు వదులైపోతాయి. అలాంటప్పుడు మంచి సెకండ్ హ్యాండ్ హెడ్డు వెతుక్కోవడమే నయం అని నా అభిప్రాయం.

హెడ్డు చేతిలో ఉండగా జరిగే ఇంకో ప్రమాదం, బల్ల మీద బోర్లా పెట్టేయడం. కామ్ షాఫ్ట్ బిగించి ఉంటే ఏదో ఒక వాల్వు తెరుచుకుని బయటికి పొడుచుకుని ఉంటుంది, మొత్తం బరువు దాని మీద పడి వంగుతుంది. ఎప్పుడూ రెండు చెక్క దిమ్మల మీద పెట్టండి. అనుమానం ఉంటే వాల్వులన్నీ మూసుకునేలా కామ్ షాఫ్ట్ విప్పేసి, హెడ్డు తిరగేసి, ప్లగ్గులు బిగించి, చాంబర్‌లో కిరోసిన్ పోసి పోర్టుల వైపు చూడండి, కారుతుంటే ఆ వాల్వు వంగినట్టో సీటు సరిగా కూర్చోనట్టో.

స్పార్క్ ప్లగ్ థ్రెడ్ పోవడం కూడా మామూలే, ముఖ్యంగా ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ విప్పితే. ఎక్కువ కార్లలో 14 మిల్లీమీటర్ల థ్రెడ్, 1.25 పిచ్, కానీ 12 మిల్లీమీటర్లవి కూడా ఉంటాయి, ప్లగ్ చూసి థ్రెడ్ రిపేర్ కిట్ కొనండి. కొత్త థ్రెడ్ కోసే ట్యాప్ గాడుల్లో గ్రీజు దట్టంగా పూసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ వెళ్లండి, పొట్టు గ్రీజుకి అంటుకుంటుంది. ఆ కొత్త థ్రెడ్‌లో బిగించే ఇన్సర్ట్‌లలో స్ప్రింగులా ఉండేదాని కంటే గట్టి బుష్ లాంటిదే ప్లగ్గులకి మంచిది, స్ప్రింగుది ఒక్కోసారి తర్వాత ప్లగ్‌తో పాటే ఊడి వస్తుంది.

బిగించేటప్పుడు బ్లాకులో బోల్టు కన్నాలు తప్పకుండా ఊడ్చి ఆరబెట్టండి, అడుగున నీళ్లో ఆయిలో నిలిచి ఉంటే బోల్టు దిగేకొద్దీ ఆ ప్రెషర్‌కి బ్లాకే పగలొచ్చు. సాగే రకం బోల్టులైతే కొత్తవే వేయాలి. మధ్య నుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన వరసలో, చెప్పిన విడతల్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) బిగించండి. కూలెంట్ నింపి ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే మూత తీసి లెవెల్ చూడండి. మొదటిసారి కొంచెం తగ్గడం లోపలి గాలి పోవడం వల్ల, నింపేయండి. రెండో రోజు, మూడో రోజు కూడా తగ్గుతూ ఉంటే, స్టార్ట్ చేసిన ప్రతిసారీ రేడియేటర్‌లో బుడగలు వస్తుంటే, హెడ్డు మళ్లీ దించాల్సిందే.