పెద్ద బైక్‌కు మారే ముందు బాధ ఎక్కడుందో తేల్చుకోండి

350 సీసీ బండి మీద రోజంతా ప్రయాణించి దిగినవారిలో చాలామంది ఇక పెద్ద బండి కొనాల్సిందేనని నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయం సరైనది కావచ్చు. అయితే బాధ ఇంజిన్ వల్ల వచ్చిందా, కూర్చునే తీరు వల్లా, గాలి వల్లా అన్నది తేల్చుకోకుండా కొంటే, పాత బాధ కొత్త బండి మీద కూడా వెంట వస్తుంది.

సమస్య: వేగం పెరిగాక ఇంజిన్ అలసినట్టు అనిపిస్తుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి.

గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, గంటకు 80 కిలోమీటర్ల నుంచి 110కి వెళ్తే ఆ అవసరం రెండున్నర రెట్లు దాటుతుంది. చిన్న ఇంజిన్ దగ్గర అక్కడ మిగులు ఉండదు. తిమ్మిరి సంగతి మాత్రం వేరుగా పరీక్షించాలి. బండిని ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, ఆ వేగంలో ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) తిరుగుతుందో అంతకే పెంచి హ్యాండిల్ పట్టుకోండి. అదే వణుకు వస్తే కారణం ఇంజిన్. రాకపోతే చక్రాల బ్యాలెన్స్, టైర్లు, బేరింగులు చూపించుకోవాలి. ఆ ఖర్చు కొత్త బండి ముందు లెక్కలోకి రాదు.

ఇంజినే కారణమైతే రెండు సిలిండర్ల బండి సరైన దారి. సీసీ ఒక్కటే చూసి ఎంచుకోవద్దు. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650, కవాసాకి వల్కన్ ఎస్ రెండూ దాదాపు 650 సీసీవే అయినా, మొదటిది గరిష్ఠ టార్క్‌ను (చక్రాన్ని తిప్పే బలాన్ని) 5650 ఆర్‌పీఎమ్ దగ్గర, రెండోది 6600 దగ్గర ఇస్తాయి. మీరు రోజూ వెళ్లే వేగంలో, టాప్ గేర్‌లో, ఇంజిన్ ఎంత తాపీగా తిరుగుతుందో టెస్ట్ రైడ్‌లో గమనించండి.

సమస్య: గంట గడిచేసరికి నడుము, తోక ఎముక నొప్పి పెడతాయి.

పెద్ద క్రూయిజర్ (కాళ్లు ముందుకు చాచి కూర్చునే బండి) కొన్నాక ఈ నొప్పి పెరిగినవారు కూడా ఉన్నారు. ఫుట్‌రెస్ట్‌లు బాగా ముందుకు ఉంటే కాళ్లు బరువు మోయవు, గుంత వచ్చినప్పుడు పిరుదులు కాస్త పైకి లేపడానికీ వీలుండదు. దెబ్బంతా వెన్నుకే తగులుతుంది. పైగా క్రూయిజర్లలో వెనుక సస్పెన్షన్ కదలిక తక్కువ; సూపర్ మీటియర్‌లో అది 101 మిల్లీమీటర్లు.

ముందుగా ఉన్న బండి మీదే ఒక కొలత తీసుకోండి. సెంటర్ స్టాండ్ వేసి వెనుక చక్రం నేలను తాకకుండా చేసి, ఇరుసు నుంచి నిటారుగా పైన మడ్‌గార్డ్ మీద పెన్సిల్‌తో పెట్టిన గుర్తు వరకు టేపుతో కొలవాలి. తరువాత స్టాండ్ తీసి, మీరు హెల్మెట్‌తో సహా కూర్చున్నాక ఇంకొకరి చేత మళ్లీ కొలిపించాలి. రెండింటి తేడా మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఉండాలి. అంతకు మించితే స్ప్రింగ్ ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే బిగించే సర్దుబాటు) పెంచండి. ఆ తరువాత కూడా నొప్పి తగ్గకపోతే, పాదాలు మోకాళ్ల కిందకు వచ్చేలా కూర్చోబెట్టే టూరింగ్ (దూర ప్రయాణాల) బండినే చూడమని నా సలహా.

సమస్య: విండ్‌స్క్రీన్ ఉన్నా తల ఊగిపోతుంది.

స్క్రీన్ పై అంచు దాటిన గాలి సుడులు తిరిగి సరిగ్గా హెల్మెట్‌కు తగులుతోందన్నమాట. ఖాళీ రోడ్డు మీద నిలకడైన వేగంలో ఒకసారి కాస్త పైకి లేచి, మరోసారి కాస్త కిందికి వంగి చూడండి. లేచినప్పుడు ఊపు తగ్గితే పొట్టి స్క్రీన్, వంగినప్పుడు తగ్గితే ఎత్తైన స్క్రీన్ కావాలి. మీ ఎత్తుకు, మీ హెల్మెట్‌కు కుదిరేదే పనికొస్తుంది కాబట్టి ఎత్తు మార్చుకోగల స్క్రీన్ ఉన్న బండి మేలు.

సమస్య: పెద్ద బండి నెమ్మదిగా తిప్పేటప్పుడు పడిపోతుందేమోనని భయం.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, సూపర్ మీటియర్‌ది 241, హోండా వారి భారీ టూరింగ్ బండి గోల్డ్ వింగ్‌ది 360కి పైనే. బండి మారిన మొదటి వారంలో నేను వాలు ఉన్న చోట ముందు చక్రం పల్లం వైపు పెట్టి ఆపాను. తిరిగి వచ్చాక ఎంత వెనక్కి నెట్టినా కదలలేదు, చివరికి ఇద్దరు సాయం పట్టారు. గోల్డ్ వింగ్‌కు రివర్స్ సదుపాయం ఇచ్చింది ఇందుకే. అది లేని బండిని ముక్కు ఎత్తు వైపు ఉండేలా ఆపాలి. మలుపులో హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేక్ పట్టవద్దు. క్లచ్ సగం వదిలి, వెనుక బ్రేక్ తేలికగా నొక్కి, చూపు వెళ్లాల్సిన వైపే ఉంచాలి. కొనే ముందు ఇంజిన్ ఆపి, బండిని సైడ్ స్టాండ్ మీది నుంచి లేపి పది అడుగులు నెట్టి చూడండి.

సమస్య: వెనుక మనిషి, సామాను ఉంటే బండి కుంగి, మలుపుల్లో ఫుట్‌రెస్ట్ నేలకు రాసుకుంటుంది.

బండి, మనుషులు, సామాను కలిపి తయారీదారు అనుమతించిన మొత్తం బరువులోంచి బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు మోయించగల బరువు. పెద్ద బండి అంటే ఎక్కువ మోస్తుందని అర్థం కాదు. భారీ క్రూయిజర్ల సొంత బరువే ఆ లెక్కలో చాలా భాగం తినేస్తుంది.

సమస్య: రద్దీలో తొడలు కాలుతున్నాయి.

వి-ట్విన్ ఇంజిన్లలో (రెండు సిలిండర్లు వి ఆకారంలో ఉండేవి) సాధారణంగా వెనుక సిలిండర్ తొడల దగ్గరే ఉంటుంది, బండి నిలిచినప్పుడు దానికి గాలి తగలదు. టెస్ట్ రైడ్ ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు ఇస్తామంటే ఒప్పుకోకుండా, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక నెమ్మదిగా కదిలే రద్దీలో కనీసం అరగంట నడపనివ్వమని అడగండి.