గడ్డకట్టిన సరస్సు మీద బీటలు: కదలికను కొలవడం, బలాన్ని తేల్చుకోవడం

సరస్సు మీద ఐస్ పగిలిన చప్పుడు వినగానే పరుగెత్తాల్సిన పని లేదు. చలి ముదిరిన రాత్రి 40 సెంటీమీటర్ల మందం ఉన్న పలక కూడా ఢామ్మని బీటలు వారుతుంది. ఆ పక్కన నిలబడ్డ మనిషికి ఏమీ కాదు. అదే వసంతంలో ఎండకు చివికిన ఐస్ అయితే చడీచప్పుడు లేకుండా కాలి కింద దిగిపోతుంది. బీటలు చెప్పేది ఉష్ణోగ్రత సంగతి. బరువు మోస్తుందో లేదో తేలాలంటే మందం కొలవాల్సిందే.

గడ్డకట్టిన పలక ఒడ్డును నెడుతూ ఉంటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది కాబట్టి అదే కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి కొత్త ఐస్ పలక అడుగున చేరుతుంది, ఆ పెరుగుదలకు పలక కాస్త పైకి తేలుతుంది, అంతే. పక్కలకు నెట్టేది గడ్డకట్టిన తర్వాత వచ్చే చలి, వెచ్చదనాల మార్పు. పలక అడుగు నీటిని తాకుతూ ఎప్పుడూ 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది. రాత్రి పైభాగం మైనస్ 20కి పడితే సగటు మైనస్ 10. తర్వాత పైభాగం మైనస్ 4కి వస్తే సగటు మైనస్ 2. తేడా 8 డిగ్రీలు. ఐస్ డిగ్రీకి మీటరుకు దాదాపు 0.05 మిల్లీమీటరు సాగుతుంది. కిలోమీటరు వెడల్పుకు లెక్క కడితే 40 సెంటీమీటర్లు. మందమైన పలకలోకి ఒక్క పగటి వేడి పూర్తిగా దిగదు కనుక ఇది పైహద్దు అనుకోండి. రెండు మూడు రోజులు వరసగా వెచ్చబడితే దాని దరిదాపులకు వెళ్తుంది.

రాత్రి కుంచించుకుని పగిలిన చోట నీరు పైకొచ్చి గడ్డకడుతుంది. తెల్లారి పలక సాగబోతే ఆ ఖాళీ ఇక లేదు. అందుకే ఒడ్డున మట్టిని, రాళ్లను దున్నేస్తుంది, లేదా నడిమధ్యన పలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి గట్టు లేస్తుంది. జపాన్‌లోని సువా సరస్సు మీద లేచే అలాంటి గట్టును ‘ఒమివతారి’ అంటారు. అక్కడి అర్చకులు 1443 నుంచి దాని రాకను రాసిపెడుతున్నారు. పైన ఆకాశం నుంచి రాలిన మంచు దట్టంగా కప్పుకుని ఉంటే చలి, వేడి రెండూ లోపలికి దిగవు. గాలి ఊడ్చేసిన నున్నటి ఐస్ మీదే ఈ ఆటంతా.

కదలికను కొలవాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. ముందు మందం చూసుకుని, పగులుకు ఒక పక్క రెండు, రెండో పక్క ఒకటి చొప్పున మూడు చెక్క మేకులు పాతండి. వాటి మధ్య మీటరు దూరంతో త్రిభుజం రావాలి. ఒక్క జతే పాతితే పగులు తెరుచుకోవడం తెలుస్తుంది గానీ, పలకలు పక్కకు జరగడం తెలియదు. రంధ్రం 10 సెంటీమీటర్లు చాలు, అడుగుదాకా పోనివ్వకండి. మేకు దించి, చుట్టూ నీళ్లు పోసి, గట్టిపడేదాకా ఆగండి. ఇనుప మేకు, నల్లరంగు మేకు వద్దు: ఎండకు వేడెక్కి చుట్టూ ఐస్‌ను కరిగిస్తుంది, మేకు వదులైపోయి లెక్కంతా తప్పుతుంది. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి మూడు దూరాలనూ మిల్లీమీటర్లలో రాసుకోండి, పక్కన గాలి ఉష్ణోగ్రత కూడా. ఒక్క పగులు దగ్గర మొత్తం కదలిక కనబడదు, అది ఎన్నో పగుళ్లకు పంచుకుపోతుంది.

దూరంలో పడిన పగులు ‘ప్యూఁ’ అని సన్నగా మొదలై బొంగురుగా జారుతుంది. పలకలో సన్నటి ధ్వని ముందు పరుగెత్తి, లావు ధ్వని వెనక రావడమే కారణం. దగ్గర్లో పడితే ఒట్టి ‘టప్’.

ఇక మందం. ఒడ్డు నుంచే గునపంతో ఒక్కో అడుగు ముందు పొడుస్తూ వెళ్లండి. రెండు పోట్లకే దిగితే వెనక్కి తిరగండి. బ్యాటరీ డ్రిల్‌కు చెక్కను తొలిచే పొడవాటి బిట్ బిగిస్తే నిమిషంలోపే రంధ్రం పడుతుంది. కొన వంచిన స్కేలును దించి, పలక అడుగు అంచుకు కొక్కెంలా తగిలించి చదవండి. పదుల మీటర్లకొకసారి మళ్లీ కొలవాలి. వాగు కలిసేచోట, నీరు బయటికి పోయేచోట, వంతెన కింద, రెల్లు పక్కన, సరస్సు ఇరుకైన చోట మందం ఒక్కసారిగా పడిపోతుంది.

స్వచ్ఛమైన, గట్టి ఐస్ 10 సెంటీమీటర్లుంటే మనిషి నడవొచ్చు. వాహనానికైతే సెంటీమీటర్లలో మందాన్ని దానితోనే గుణించి, మళ్లీ 4తో గుణిస్తే మోయగల కిలోలు వస్తాయి: 20 సెంటీమీటర్లకు 1600. తెల్లటి ఐస్ మందాన్ని సగంగానే లెక్కించండి. పొడి పగులు పైపైనే ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. తడి కనబడిందంటే పగులు అడుగుదాకా ఉన్నట్టే, బరువు సగానికి తగ్గించాలి. రెండు తడి పగుళ్లు ఒకదాన్నొకటి కోస్తే పావుకు. వసంతంలో ఈ లెక్కలేవీ పనిచేయవు. ఐస్ నిలువు పుల్లలుగా విడిపోతుంది, 30 సెంటీమీటర్లున్నా నమ్మలేం.

మంచు బరువును తక్కువ అంచనా వేయకండి. 30 సెంటీమీటర్ల ఐస్ తన బరువు పోను చదరపు మీటరుకు 25 కిలోలే తేల్చగలదు. ఘనమీటరుకు 200 కిలోలు తూగే మంచు 12 సెంటీమీటర్లు దాటితే పలక నీటిమట్టం కిందికి దిగుతుంది. పగుళ్లలోంచి నీరు పొంగి మంచు కింద బురదలా నిలుస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. తెల్లటి ఐస్ చాలావరకు ఈ బురద గడ్డకట్టే పుడుతుంది.

గట్టు దాటాల్సివస్తే ఆగి చూడండి. లేచిన పలకల పక్కన ఐస్ కిందికి వంగి, నీటి గుంటలు, పల్చటి పొర ఉంటాయి. నిన్న దాటిన చోటు ఇవాళ తెరుచుకుని ఉండొచ్చు. వాహనంలో అయితే నెమ్మదిగా, విడివిడిగా వెళ్లాలి: బరువు కింద నీటిలో అల పుడుతుంది, 2 మీటర్ల లోతులో గంటకు 16 కిలోమీటర్ల దగ్గర వాహనం దాంతో సమంగా పరుగెత్తి పలకను మరింత వంచుతుంది.

లైఫ్ జాకెట్, 15 మీటర్లకు తగ్గని తాడు, మెడలో రెండు మొనదేలిన ఐస్ మేకులు లేకుండా దిగొద్దు. నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే. చేతులు పనిచేసేది ఆ తర్వాత దాదాపు పది నిమిషాలు. వచ్చిన వైపుకే తిరగండి, ఆ ఐస్ మిమ్మల్ని మోసింది కదా. మేకులు గుచ్చి, కాళ్లు వెనక్కి తన్నుతూ బోర్లా పైకి జారండి. పైకొచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం జరగండి.